చింతపండుతో తోమిన వాన డబ్బాలు

వీడియో గేమ్ ఎట్లా ఆడతారో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ నా చేతులతో విప్పినన్ని గేమ్ క్యాసెట్లు కామారెడ్డిలో ఇంకెవరూ విప్పి ఉండరు. మీ వయసు వాళ్లలో చాలామంది వాటిని చూసి కూడా ఉండరు. అరచేతంత ప్లాస్టిక్ డబ్బా. పసుపుపచ్చది, నల్లది, నీలంది. మీద ఒక బొమ్మ అంటించి ఉంటుంది, విమానమో, మోటార్ సైకిలో, కుస్తీ పట్టే మనుషులో. టీవీ దగ్గర ఒక మిషన్ పెట్టి అందులో దీన్ని గుచ్చితే తెర మీద ఆట మొదలయ్యేదట. ఇప్పుడు ఆ ఆటలన్నీ ఫోన్లోకి పోయాయి, డబ్బాలు గోనెసంచుల్లో మిగిలాయి. ఆ సంచుల మీదే నేను కొన్నేళ్లు బతికాను.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. మధ్యలో నేను తికమకపడితే ఆ పిల్లను ఏమీ అనకండి. జరిగిందే తికమక.

అంతకు ముందు బీడీలు చేసేదాన్ని. మా ఆయన ఉన్నప్పుడూ చేశాను, పోయాకా చేశాను. తంబాకు ధూళికి గొంతు ఇట్లా బొంగురుపోయింది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లు అన్నా అంటారు. తర్వాత కార్ఖానా నుంచి ఆకు రావడం తగ్గింది. ఒక వారం ఉంటే ఒక వారం లేదు. ఆ రోజుల్లో మా వాడకట్టు చివర ఉండే ఒక సేటు, చేతులు చురుగ్గా కదిలే ఆడవాళ్లు కావాలని కబురు పంపాడు. పోయి, పనేమిటి సేటూ అని అడిగాను.

"వచ్చి కూసో. ఏం పనో నాకే ఇంకా సమజ్ కాలే" అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన నిజమే చెప్పాడని.

ఆయనకు ఒకప్పుడు స్టేషన్ రోడ్డులో గేమ్ దుకాణం ఉండేది. బడి ఎగ్గొట్టిన పిల్లలతో పొద్దంతా కిటకిటలాడేదట. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల పిల్లలు ఫోన్లు పట్టుకున్నారు, దుకాణం మూతపడింది. మిషన్లు ఎవరో కొనుక్కుపోయారు గానీ క్యాసెట్లు ఎవరికీ వద్దు. పారేయడానికి ఈయనకు చేతులు రాలేదు. పైగా వేరే ఊళ్లలో మూతపడ్డ దుకాణాల క్యాసెట్లు కూడా పాత సామాను వాళ్ల దగ్గర తెచ్చి అటక నింపాడు. ఇక ఫోన్లో వీడియోలు చూడటం, వాటిని విప్పడం, ఏదో ఒకటి చేయడం. ఒకదాన్ని టార్చిలైటు చేశాడు. ఒకదాన్ని గుమ్మం గంట చేశాడు. ఒకదాన్ని రేడియో చేస్తే అందులో ఎప్పుడూ ఒకటే స్టేషన్, అదీ కన్నడం. ఎక్కడినుంచి వచ్చేదో ఆయనకే తెలియదు. మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఎవరో ఇంట్లో ఉన్నట్టుంటుందని మేం దాన్ని ఆపనిచ్చేవాళ్లం కాదు.

మేం అంటే ముగ్గురం. నేను, నాకంటే పెద్దదైన ఒక ముసలవ్వ, ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే, నేను చెల్లె అని పిలిచే ఒకామె. ముగ్గురమూ బీడీల మనుషులమే. కుర్చీ, బల్ల మాకు కుదరలేదు. కింద కూర్చుని, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, అందులోనే క్యాసెట్లు విప్పేవాళ్లం. మర ఉంటే తిప్పాలి, లేకుంటే పక్క అతుకులో గోరు పెట్టి తెరవాలి. బీడీ మూతి మడిచే వేలికి అది పెద్ద పని కాదు. లోపల ఒక ఆకుపచ్చ రేకు. రేకు మధ్యలో నల్లటి ముద్ద, కింది అంచున బంగారు రంగు గీతలు వరసగా. వాటిని మేం పళ్లు అనేవాళ్లం. ఆట అంతా ఆ నల్ల ముద్దలో ఉంటుందని సేటు చెప్పాడు. ఒక ముద్దలో అంతమంది కుస్తీవాళ్లు ఎట్లా పట్టారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

సేటు చేసిన వాటిలో కొద్దోగొప్పో అమ్ముడుపోయింది నీళ్ల ట్యాంకు డబ్బా. పళ్లలో ఒకటి విడిచి ఒకటి కలుపుకుంటూ రెండు తీగలు అతికించేవాడు. నీళ్లు ఎక్కి రెండు పళ్లను తాకితే చాలు, డబ్బాలో ఉన్న బజర్ కూసేది.

ఒక యాసంగిలో, వరి కోతలు నడుస్తున్నప్పుడు, ఎల్లారెడ్డి చెల్లె పొద్దున్నే వచ్చి చాట ముందు కూర్చుని పని ముట్టుకోకుండా ఉండిపోయింది. ఆమె భర్త దుబాయిలో ఉన్నాడు. ఇక్కడ ఆమె, ఆమె మామ కలిసి కౌలుకు పొలం చేస్తున్నారు. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి ఉన్నాయి. రాశి దగ్గర మామ కాపలా. ఆయనకు చెవులు వినబడవు. ముందు రోజు సాయంత్రం ఉరిమితే ఆయనకు తెలియలేదట. చినుకులు మీద పడ్డాక టార్పాలిన్ పరదా కప్పేలోపు ఒక పక్క తడిసిందట. ఈ వడ్లు అమ్ముడుపోతేనే కౌలు కట్టి ఆ భూమి మళ్లీ పట్టుకోవచ్చు, లేకుంటే దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అదంతా చెప్పి చివరికి ఆమె అన్న మాట ఒకటే.

"వాన వచ్చేముందు మా మామకు ఎవరన్న చెయ్యి పట్టి చెప్తే బాగుండు."

సేటు ఆ మాట విని లేచి లోపలికి పోయాడు. మధ్యాహ్నానికి ఒక విమానం బొమ్మ క్యాసెట్ పట్టుకొచ్చాడు. డబ్బా అంచు కోసి, లోపలి పళ్లు ఆకాశం వైపు తిరిగేట్టు పెట్టాడు. మీద నీటిచుక్క వేస్తే కూత. చెవులు వినబడని మనిషి కోసం ఒక ఎర్ర లైటు కూడా పెట్టాడు. మేం మిద్దె మీదికి పోయి చెంబుతో నీళ్లు చిలకరించి చూశాం. చక్కగా మోగింది, చక్కగా వెలిగింది. చెల్లె దాన్ని కొంగులో పెట్టుకుని నవ్వింది.

ఒక్కటి చేసి ఊరుకుంటే సేటు ఎందుకవుతాడు. కొనుగోలు కేంద్రంలో ఎన్ని రాశులుంటే అన్ని డబ్బాలు అమ్ముడుపోతాయన్నాడు. అయితే పాత క్యాసెట్ల పళ్లు నల్లబడి ఉండేవి. రబ్బరుతో రుద్దమన్నాడు. రబ్బర్లు అరిగిపోయాయి, నలుపు పోలేదు. అప్పుడు ముసలవ్వ అడిగింది.

"సేటూ, మీ ఇంట్ల దేవుని చెంబులు దేంతోని తోముతరు?"

"చింతపండుతోని."

"మరి గిదేమన్న చెంబు కన్న గొప్పదా?"

ఇంకేముంది. చింతపండు నానబెట్టింది, ఉప్పు కలిపింది, ముగ్గురం కూర్చుని పండగ ముందు ఇత్తడి తోమినట్టు తోమాం. తోమినవన్నీ ఒకే బకెట్లో జాడించాం, ఎండలో ఆరబెట్టాం. పళ్లు మెరిసిపోయాయి. సేటు ఒకదాన్ని ఎత్తి చూసి, "పెండ్లి పందిట్ల పెట్టొచ్చు" అన్నాడు. చెల్లె కూడా తన విమానం డబ్బాను ఆ రోజు తెచ్చి, దాన్నీ తోమించుకుని పోయింది.

ఆ డబ్బాలన్నీ ఎల్లారెడ్డికి తీసుకుపోయి రైతులకు చూపించే పని నాకు పడింది. నాకు ఏమీ తెలియదు సేటూ అన్నాను. తెలియనక్కర్లేదు, నీ గొంతు ఉంటే మైకు ఖర్చు తప్పుతుంది అన్నాడు.

బస్సు లింగంపేట దాటాక నా ఒళ్లో సంచి కూయడం మొదలుపెట్టింది. ఉక్కకు చెమటలు కారుతున్నాయి. డబ్బాలో ఏదో స్విచ్ దానంతట అదే పడి ఉంటుందనుకున్నాను. కండక్టర్ వచ్చాడు.

"అవ్వా, ఫోనెత్తు. అప్పటిసంది మొత్తుకుంటున్నది."

"ఫోను కాదు నాయనా, వాన డబ్బా. వానొస్తే మోగుతది."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు పొడవునా మక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి, ఎండకు కళ్లు మండుతున్నాయి.

"బస్సుల వానొస్తున్నదా మరి?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే కొంచెం ఆలోచించి ఉంటే బాగుండేదేమో. కానీ ఏమని ఆలోచించాలో కూడా నాకు తెలియదు కదా.

కొనుగోలు కేంద్రం చూడని వాళ్లకు ఒక మాట చెప్పాలి. రాశి పోసినంత మాత్రాన వడ్లు కొనరు. మహిళా సంఘం నుంచి ఒక మేడం వచ్చి చిన్న మిషన్లో గింజలు పోసి తేమ చూస్తుంది. తేమ తగ్గితేనే కాంటా పెట్టి తూస్తారు. తగ్గకపోతే ఇంకా ఆరబెట్టమని పక్క రాశికి పోతుంది, మళ్లీ మన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని వడ్లు ఎండలో పరిచి ఉంచాలి. పరదా కప్పితే లోపల ఉక్కపోసి, ఆరిన గింజ మళ్లీ మెత్తబడుతుంది. కప్పకుండా ఉన్నప్పుడు వాన వస్తే మొలకలొస్తాయి. కప్పినా నష్టమే, కప్పకపోయినా నష్టమే. దాని మధ్యలోకి నేను నా సంచి పట్టుకుని పోయాను.

డబ్బాలు చూపించి గట్టిగా చెప్పాను. చాలామంది తీసుకున్నారు, కర్ర పాతి దాని కొనకు కట్టుకున్నారు. చెల్లె వాళ్ల పక్క రాశి ఆయన మాత్రం నా నుదురు వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"మొగడు పోయినామె తెచ్చింది. ఇది ఏడ్చుడు తప్ప ఏం చేస్తది?"

"ఏడ్చుడే దాని పని అన్నా. వానొస్తే ఏడుస్తది. నువ్వు నవ్వేది కావాల్నంటే వేరే దుకాణం చూస్కో" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేసరికి ఆయన కూడా ఒకటి తీసుకున్నాడు.

మర్నాటి నుంచి మొదలైంది. తెల్లవారుజామున డబ్బాలన్నీ ఒక్కసారి కూశాయట. కేంద్రంలో పడుకున్న వాళ్లందరూ లేచి పరదాలు లాగారు. చూస్తే ఆకాశంలో చుక్కలు తళతళలాడుతున్నాయి. ఎవరో బిందెతో నీళ్లు మోసుకుని పక్కనుంచి పోయినా కూత. బర్రె వచ్చి వాసన చూసినా కూత. మొదటి రోజు నవ్వుకున్నారు, తర్వాత తిట్టుకున్నారు. కొందరు డబ్బాలోని బ్యాటరీ సెల్ పీకేశారు, ఒకాయన డబ్బాను కాలువలోకి విసిరేశాడట. అది అక్కడ కూడా కూసిందట, పాపం, నీళ్లలో పడితే కూయదా మరి.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది చెల్లె. ఎందుకంటే ఆమె మామ ఆ లైటును దైవంలా నమ్మాడు. ఆయన ఆకాశం చూడటం మానేసి డబ్బానే చూస్తూ కూర్చునేవాడు. ఎర్ర లైటు వెలిగితే చాలు, పరదా కప్పేవాడు. కప్పిన ప్రతిసారీ వడ్లు మెత్తబడ్డాయి. మేడం మిషన్ పెట్టిన ప్రతిసారీ తేమ ఎక్కువే చూపించింది. వాళ్ల తర్వాత పోసిన రాశులు కాంటా అయి లారీ ఎక్కాయి, వీళ్లది అక్కడే ఉంది.

చెల్లె పనికి రావడం మానేసింది. సేటు ఫోన్ చేసి నాకు ఇచ్చాడు. ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "అక్కా, మంచికే ఇచ్చిండ్రు. నా నసీబు గిట్లున్నది" అంది. ఇక్కడేమో ఎవరి మాట వాళ్లది. సేటు మంచు అన్నాడు. కాసేపటికి సెల్ అన్నాడు. ఇంకాసేపటికి చైనా బజర్ల తప్పన్నాడు. ముసలవ్వ దిష్టి అంది. అంతమంది రాశుల మధ్య మెరిసే వస్తువు పెడితే దిష్టి తగలదా అని ఒక డబ్బాకు నల్లదారం కూడా కట్టింది. దారం కట్టిన డబ్బా కూడా కూసింది. నాకు ఎవరి మాటా అబద్ధమనిపించలేదు, ఎవరి మాటా నిజమనిపించలేదు.

చివరికి సేటు, పోయి డబ్బాలన్నీ వాపసు తెచ్చెయ్, పైసలు ఇచ్చెయ్ అన్నాడు. నేను మళ్లీ ఎల్లారెడ్డి బస్సెక్కాను.

ఆ రోజు నేను దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. అడవి వైపు అంచున మాత్రం దూదిపింజంత మబ్బు. కేంద్రంలో చెల్లె మొహం ఎప్పుడూ లేనంత తేటగా ఉంది. ముందు రోజు నుంచి ఆమె మామను రాశి దగ్గర కూర్చోనివ్వకుండా తానే ఉందట. వడ్లు పొద్దుటినుంచి కప్పకుండా ఆరాయి. పిడికెడు తీసి నా చేతిలో పోసింది. గింజ గలగలమంది. మేడం పక్క రాశి దగ్గర తేమ చూస్తోంది, తర్వాత వంతు వీళ్లదే. లారీ కూడా వచ్చి నిలబడి ఉంది.

"ఇయ్యాల అయిపోతది అక్కా. నువ్వు వచ్చిన వేళ మంచిది" అంది.

నా జన్మలో నన్ను ఆ మాట అన్న మనిషి ఆమె ఒక్కతే.

నేను కర్ర దగ్గరికి పోయి విమానం డబ్బా ముడి విప్పబోయాను. నా చెయ్యి తగలకముందే అది కూసింది. ఎర్ర లైటు వెలిగింది. పక్క రాశి కర్ర మీదిది కూడా కూసింది. ఇంకా సెల్ పీకని డబ్బాలు ఎన్నున్నాయో అన్నీ ఒకదాని వెనక ఒకటి అందుకున్నాయి. అందరూ తల ఎత్తి చూశారు. ఎండ అట్లాగే ఉంది. పక్క రాశి ఆయన పగలబడి నవ్వాడు.

"చూడుండ్రి, అవ్వ కాలు పెట్టంగనే ఏడ్సుడు షురువు జేసినయ్."

చెల్లె నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, దాన్ని ఆపు. మామ చూస్తే మళ్ల కప్పుతడు. ఇయ్యాల కప్పితే నా వంతు పోతది. ఈ భూమి పోతది."

నేను స్విచ్ కోసం వెతుకుతున్నాను. అది దొరకడం లేదు. అంతలోనే ఆమె మామ చెట్టు నీడ నుంచి లేచాడు. ఆయనకు మా మాటలు వినబడవు, నవ్వులు వినబడవు. డబ్బాలన్నీ అబద్ధాలని ఊరంతా తేల్చిన సంగతి ఆయన చెవిన పడలేదు. ఆయనకు కనబడింది ఎర్ర లైటు ఒక్కటే. పెద్ద పరదా ఒక కొన పట్టుకుని ఒక్కడే లాగడం మొదలుపెట్టాడు.

నేను గొంతు చించుకుని అరిచాను, వద్దు బాపూ అని. నా గొంతుకు లారీ డ్రైవర్ కూడా తిరిగి చూశాడు, ఈయన తిరగలేదు. చెల్లె పోయి ఆయన ముందు నిలబడి చేతులు అడ్డం పెట్టింది. ఆయన ఆమెకు డబ్బా చూపించాడు, లైటు చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయనకు ఏమనిపించిందో, ఆమెను పక్కకు జరిపి మళ్లీ లాగాడు. నానిన పరదా బరువు మీకు తెలియదు. ఎండిన పరదా కూడా తక్కువేం కాదు. ముసలాయన మోకాళ్ల మీద పడ్డాడు, లేచాడు, మళ్లీ పట్టుకున్నాడు. పంచె అంతా దుమ్ము. నవ్వేవాళ్లు ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు.

ముందు కదిలింది ఎవరనుకున్నారు. పక్క రాశి ఆయనే. "అరె, ముసలాయిన నడుము ఇరుగుతది" అని గొణుక్కుంటూ వచ్చి రెండో కొన పట్టాడు. ఆయన వచ్చాక ఇంకో ఇద్దరు వచ్చారు. వానకు నమ్మి కాదు, చూడలేక వచ్చారు. నేనూ పట్టాను. చెల్లె మాత్రం పట్టలేదు. మేం వడ్లను ఒక చోటికి నూకుతుంటే కింద కూర్చుని చూస్తూ ఉంది. కళ్ల నీళ్లు తుడుచుకోవడం కూడా లేదు. మేడం మిషన్ పట్టుకుని వచ్చి, కప్పిన రాశి చూసి ఒక్క క్షణం నిలబడింది.

"ఏందమ్మా, ఇప్పుడే కప్పిండ్రు? నేను పక్కకు పోతున్న మరి" అని పోయింది.

పరదా అంచుల మీద రాళ్లు పెడుతుంటే చల్లటి గాలి ఒకటి నా మెడకు తగిలింది. అది ఎటునుంచి వచ్చిందో చెప్పలేను. ఆ వెనకే అడవి వైపు దుమ్ము గోడలా లేచింది. దూదిపింజ ఎప్పుడు అంత మబ్బయిందో ఎవరూ చూడలేదు, అందరం పరదానే చూస్తున్నాం. వాన చినుకుతో మొదలు కాలేదు. రాళ్లతో మొదలైంది. మక్కగింజలంత వడగళ్లు పరదా మీద టపటపా కొట్టాయి.

తర్వాత ఎవరు ఎటు ఉరికారో నాకు సరిగ్గా గుర్తులేదు. పక్క రాశి ఆయన తన రాశికి పరుగెత్తాడు. చెల్లె అప్పుడు లేచింది. తన రాశి కప్పి ఉందని అర్థమయ్యాక ఒక్క ఉరుకున పోయి ఆయన పరదా పట్టింది. మేమంతా కలిసి లాగాం. సగం దక్కింది, సగం నీళ్లలో పోయింది. తేమ చూసి కాంటాకు సిద్ధంగా ఉంచిన రాశి ఆయనది. మా చెల్లె వాళ్లదేమో ఒక గింజ తడవలేదు.

వాన వెలిశాక ముసలాయన రాశి చుట్టూ తిరిగి పరదా కింద చెయ్యి పెట్టి చూశాడు. వడగళ్లకు విమానం డబ్బా పగిలిపోయి కర్ర మీద వేలాడుతోంది. ఆయన దాన్ని విప్పి ముక్కలు అరచేతిలో పెట్టుకుని మా అందరికీ చూపించాడు.

"గీ లైటు ఉండబట్టి మీరందరు ఒచ్చిండ్రు. లేకుంటే ఎవరొత్తురు" అన్నాడు.

ఆయన అనుకున్నది అది. మేమంతా లైటు చూసి వచ్చామని. కాదని చెప్పడానికి ఆయనకు వినబడదు. వినబడినా చెప్పేదాన్ని కాదేమో.

ఆ వడ్లు తర్వాత వారం ఎండలో ఆరి కాంటా అయ్యాయి. భూమి వాళ్ల చేతిలోనే ఉంది. పక్క రాశి ఆయన సగం వడ్లు మొలకెత్తితే తక్కువకు మిల్లుకు అమ్ముకున్నాడని విన్నాను. ఆయన నన్ను ఆ తర్వాత ఒక్క మాటా అనలేదు. అంటేనే నాకు తేలికగా ఉండేది.

నేను డబ్బాలు తెచ్చి సేటు ముందు పోశాను. సెల్ పీకి ఇంట్లో పడేసినందుకు వానకు తడవని ఒకదాన్ని ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు, వాసన చూశాడు, చివరికి పళ్లను నాలుకతో నాకాడు. మొహం చిట్లించాడు.

"ఉప్పగున్నది" అన్నాడు.

అప్పుడు తెలిసింది. మేం ఉప్పుతో తోమి, ఉప్పు నీళ్లలోనే జాడించాం. ఎండలో ఆరినా పళ్ల సందుల్లో ఉప్పు ఉండిపోయింది. గాలిలో చెమ్మ పెరిగితే ఉప్పు తడుస్తుంది కదా, వానకాలం ఉప్పు డబ్బా చూస్తే మీకే తెలుస్తుంది. ఆ తడికి డబ్బా కూస్తుంది. వాన వచ్చే ముందు కూడా గాలి చెమ్మగానే ఉంటుంది. అందుకని ఆ రోజు ముందే కూసింది. ఇదీ సేటు చెప్పింది.

"అయితే ఆ దినం డబ్బా తప్పు చెప్పిందా, నిజం చెప్పిందా?" అని అడిగాను.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "తప్పే. తప్పుగనే మోగింది. కాని..." అని ఆగిపోయాడు. ఆ కాని తర్వాత ఏముందో ఆయన ఇప్పటిదాకా చెప్పలేదు.

సేటు కొత్త డబ్బాలు చేశాడు. ఈసారి పళ్లను స్పిరిట్‌తో తుడిచాం. బర్రె వాసన చూసినా కూయవు, మంచుకు కూయవు. చినుకు పడితేనే కూస్తాయి. ఏ తప్పూ లేని డబ్బాలు. ఎల్లారెడ్డి రైతులు రెండు రోజులు పెట్టుకుని వాపసు ఇచ్చేశారు. ఒకాయన డబ్బా నా చేతిలో పెట్టి చెప్పాడు.

"అవ్వా, ఇది వాన పడ్డంక వాన పడుతున్నదని చెప్తది. గది మా నెత్తికి తెలుస్తలేదా? ముందుగాల్ల ఇచ్చినవ్ జూడు, ఆ అబద్ధాలవి ఉంటే ఇయ్యి."

ఆ మాట సేటుకు చెప్పాను. మళ్లీ ఉప్పు తెచ్చాడు. ఒక డబ్బాకు ఎక్కువైతే పొద్దంతా కూసింది, ఇంకోదానికి తక్కువైతే మూగబోయింది. ఎంత ఉప్పు వేశావు అని ముసలవ్వను అడిగాడు.

"పిడికెడు."

"ఎంత పిడికెడు?"

"నా పిడికెడంత."

"చింతపండు?"

"చేతికొచ్చినంత. కూరల ఉప్పుకు లెక్క అడుగుతవా నువ్వు?"

ముసలవ్వతో మళ్లీ తోమించాం, అదే బకెట్‌లో జాడించాం. అవి ఆ మొదటి వాటిలా కూయలేదు. చింతపండు వేరే దుకాణానిది, ఉప్పు వేరే, ఎండ వేరే. ఏది తేడానో ఎవరికి తెలుసు. చేస్తూ చేస్తూ అటక మీద సంచులు కూడా అయిపోయాయి. మేం కూర్చుని పనిచేసిన గదిని సేటు టిఫిన్ సెంటర్‌కు కిరాయికి ఇచ్చాడు. ముసలవ్వ బిడ్డ దగ్గరికి రామారెడ్డి పోయింది. నాకు చూపు మసకబారింది, చిన్న మర కనబడదు. అట్లా నా ఉద్యోగం అయిపోయింది.

పిల్లలూ, మీరు చదువుకున్నవాళ్లు. ఒక వస్తువు చేస్తే అది చెప్పిన పని చెప్పినట్టు చేయాలని మీకు నేర్పుతారు. సరే. మేం చేసిన మంచివి ఎవరికీ పనికిరాలేదు, చెడిపోయినవి కావాలన్నారు. ఒక చెవిటి మనిషి నమ్మకం వల్ల ఒక రాశి దక్కింది, ఆయనకు సాయం వచ్చినందుకు ఇంకొకాయన రాశి సగం పోయింది. ఇందులో నేర్చుకోవాల్సింది ఏమిటో నాకు తేలలేదు. మీకు తేలితే వచ్చి చెప్పండి, చాయ్ పోస్తాను.

ఆ మొదటిసారి తోమిన వాటిలో ఒక డబ్బా నా దగ్గర మిగిలింది. మోటార్ సైకిల్ బొమ్మది. కిటికీలో పెట్టాను. సెల్ మారుస్తూ ఉంటాను. ఎల్లారెడ్డి చెల్లెకు ఆ సంగతి తెలుసు. ప్రతి కోతలకూ ఫోన్ చేస్తుంది. నేను ఉండేది కామారెడ్డిలో, వడ్లుండేది ఎల్లారెడ్డిలో, ఇక్కడ మోగితే అక్కడ వాన పడాలని ఎక్కడుంది అని ఎన్నిసార్లు చెప్పానో. వింటుంది, మళ్లీ చేస్తుంది. ఈ యాసంగిలో కూడా చేసింది.

"అక్కా, డబ్బా ఏమంటున్నది?"

"మోగుతున్నది చెల్లె. కాని నేను ఇప్పుడే కిటికీ పక్కకు గంజి వార్చిన. ఆవిరికి మోగుతున్నదో, వానకు మోగుతున్నదో తెలుస్తలేదు."

 అవతల ఆమె నవ్వింది.

"ఏదైతేంది అక్కా. నేను ఫోన్ల మాట్లాడుతున్నది జూసి మామ అప్పుడే పర్దా కొన పట్టుకున్నడు. ఉంట మరి, పోయి అటు కొన పట్టుకుంట."

నేను ఫోన్ పెట్టేసి బయటికి పోయి చూశాను. ఎండ బాగానే ఉంది. దండెం మీది బట్టలు తీసి లోపల వేసుకున్నాను.